మూడు నిండిన పిల్లలకు ఏది మేలు: నర్సరీనా, అంగన్‌వాడీనా, నానమ్మ దగ్గరేనా?

మొన్న మా చెల్లెలు ఫోన్ చేసింది. "అక్కా, బుజ్జిగాడికి మూడు నిండాయి. సీట్లు అయిపోతాయని మీ మరిది ఒకటే టెన్షన్ పడుతున్నారు. నర్సరీలో వేసేయమంటావా?" అని.

మా పెద్దదాన్ని రెండేళ్ల పది నెలలకే నర్సరీలో వేశాను. చిన్నవాణ్ణి వీధి చివర అంగన్‌వాడీకి పంపాను. బడి లేని రోజుల్లో ఇద్దరినీ చూసుకున్నది మా అత్తయ్యే. మూడూ చూశాను కాబట్టి చెబుతున్నాను.

నర్సరీతో ఉన్న అసలు సుఖం పిల్లలకు కాదు, మనకు. తొమ్మిదింటికి వ్యాన్ ఎక్కిస్తే మూడున్నర దాకా నిశ్చింత. ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్లే ఇంట్లో, పెద్దవాళ్లు లేనిచోట, ఇంకో దారి ఉండదు కూడా. అందులో తప్పేమీ లేదు. చిక్కల్లా ఆ మూడున్నర గంటకి ఇంటికొచ్చే బ్యాగులో ఉంటుంది. మాకు వ్యాన్‌తో కలిపి ఏడాదికి 38 వేలైంది. మొదటి నెలలోనే స్లీపింగ్ లైన్లు, స్టాండింగ్ లైన్లు, దసరాకల్లా ఇంగ్లిష్ అక్షరాలు. ఒక రాత్రి 'ఎస్' పేజీ నింపడానికి కూర్చుంది. ఎన్నిసార్లు రాసినా అది అద్దంలో చూసినట్టు తిరగబడే వస్తోంది. నేను చెరపడం, అది మళ్లీ రాయడం. కాసేపటికి కాగితం చిరిగింది. మర్నాడు డైరీలో ఎర్ర ఇంకుతో 'స్లో' అని వచ్చింది.

తర్వాత తెలిసింది, మణికట్టులో ఉండే ఎనిమిది చిన్న ఎముకలు పుట్టినప్పుడు మెత్తగానే ఉండి, ఏళ్లు గడిచేకొద్దీ ఒక్కొక్కటిగా గట్టిపడతాయట. ఆ వయసులో అక్షరాలు తిరగేసి రాయడం కూడా మామూలేనట. 'స్లో' అయింది పిల్ల కాదు, మాకే తొందరెక్కువ.

అంతకంటే నొప్పించింది ఇంకోటుంది. బాత్రూమ్‌కి వెళ్లాలంటే ఇంగ్లిష్‌లోనే అడగాలని నేర్పారు. ఆ వాక్యం గుర్తురాక, తెలుగులో అడిగితే తిడతారని భయపడి, బెంచీ మీదే తడుపుకుంది. వీలైనంతవరకు కనీసం ఐదో తరగతి దాకా ఇంటి భాషలోనే చదువు చెప్పాలని 2020 జాతీయ విద్యా విధానంలో రాసుకున్నాం. మూడేళ్ల పిల్లకు తెలుగులో పాసు అడిగే వీలు మాత్రం లేకపోయింది.

చిన్నవాడి వంతు వచ్చేసరికి ఆ ఫీజు మళ్లీ కట్టే ఓపిక లేక అంగన్‌వాడీకి పంపాను. నిజం చెప్పాలంటే మొదటి కారణం డబ్బే. "అంగన్‌వాడీకా? మీకేం తక్కువ?" అని ఎదురింటావిడ అడిగింది. అది గుడ్లిచ్చే చోటే తప్ప బడి కాదని మనలో చాలామంది లెక్క. 1975 అక్టోబర్ 2న అంగన్‌వాడీలను నడిపే కేంద్ర పథకం ఐసీడీఎస్ మొదలైనప్పుడే తిండి, టీకాలు, ఆరోగ్య పరీక్షలతోపాటు మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు ఆటపాటల చదువు కూడా అందులో పెట్టారు.

మావాడు ఇంట్లో గుడ్డు పెడితే పచ్చసొన తీసి నా చేతిలో పెట్టేవాడు. అక్కడ పదిమందిలో బాసింపట్టు వేసుకుని, పక్కవాడి కంటే ముందే మింగేసేవాడు. టీచర్ నెలనెలా బరువు చూసి చార్టులో చుక్క పెట్టేది. ఒకసారి రెండు నెలలు ఆ చుక్క పైకి కదలకపోతే ఆవిడే పిలిచి చెప్పింది. 38 వేలు కట్టిన చోట పిల్ల బరువు ఎవరూ అడగలేదు.

అలాగని అంతా బాగుందనను. మా సెంటర్ ఒకే గది, అదీ అద్దెది. వానొస్తే కురుస్తుంది. టీచర్ చేతిలో ఎప్పుడూ ఫోనే, పోషణ్ ట్రాకర్ యాప్‌లో వివరాలు ఎక్కించాలి కదా. సర్వేలు, మీటింగులు ఉన్న రోజు ఆయమ్మే దిక్కు. వీడు చేరిన ఏడాదే, 2023 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో అంగన్‌వాడీల సమ్మె మొదలై 42 రోజులు నడిచింది. వాళ్ల జీతాలు చూస్తే కోపం రాలేదు గానీ, పిల్లాణ్ణి ఎక్కడ ఉంచాలన్నది మాత్రం సమస్యే అయింది.

అప్పుడు ఆదుకున్నది అత్తయ్య. ఓమనగుంటల పీట దించి చింతగింజలు పంచడం నేర్పింది. ఒక్కో గుంటలో ఐదు, ఒక్కోటి వేసుకుంటూ పోవడం, ఖాళీ గుంట దగ్గర ఆగడం. వాడికి తెలియకుండానే లెక్క వచ్చేసింది. చిక్కుడుకాయల ఈనెలు తీయించేది. రెండు వేళ్లతో సన్నటి ఈనె పట్టి లాగడం కంటే పెన్సిల్‌కి మంచి సాధన ఏముంటుంది! (మూడేళ్లలోపు పిల్లల చేతికి మాత్రం గింజలివ్వకండి, నోట్లోనో ముక్కులోనో పెట్టుకుంటారు.)

కానీ మధ్యాహ్నం ఆవిడకి కునుకు పడితే వాడి చేతిలోకి ఫోన్ వచ్చేది. మూడు, నాలుగేళ్ల వాళ్లకి రోజుకు గంటకు మించి స్క్రీన్ వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. మా ఇంట్లో ఆ గంట అన్నం తినేలోపే అయిపోయేది. పైగా తోటి పిల్లలు లేరు. బొమ్మ లాక్కుంటే లాక్కోనివ్వడం, తన వంతు దాకా ఆగడం నానమ్మ దగ్గర రావు. ఆవిడ ప్రతిసారీ వీడికే గెలుపు ఇస్తుంది.

అందుకే చెల్లెలికి చెప్పాను: దగ్గర్లో మంచి టీచర్ ఉన్న అంగన్‌వాడీ ఉంటే ఐదేళ్ల దాకా పొద్దున అక్కడ, మధ్యాహ్నం నుంచి పెద్దవాళ్ల దగ్గర. నా ఓటు దానికే. పెద్దవాళ్లు లేకపోతే నర్సరీయే, కానీ పెన్సిల్ పట్టించని నర్సరీ. ఎక్కడ వేసినా ముందు చెప్పకుండా ఒకరోజు పదకొండింటికి వెళ్లి గుమ్మంలో నిలబడమన్నాను. పిల్లల గొంతులు వినిపిస్తున్నాయా, ఏడ్చే పిల్లని ఎవరైనా ఎత్తుకుంటున్నారా, బాత్రూమ్‌లో నీళ్లున్నాయా చూడమన్నాను. గోడమీద బొమ్మలు ఎవరైనా వేయిస్తారు.

"మరి ఒకటో తరగతికి వెనకబడడూ?" అంది. ఒకటో తరగతికి ఆరేళ్లు నిండాలనే కదా కొత్త విధానం. మావాణ్ణి ఐదు నిండాక వాళ్లక్క బడిలోనే యూకేజీలో వేశాం. మొదటి రెండు నెలలు అందరికంటే వెనకే ఉన్నాడు, నాకు నిద్ర పట్టలేదు. దసరా సెలవుల్లో ఒకరోజు వాడే పలక తెచ్చుకుని 'ఎస్' రాసి, వాళ్లక్కకి చూపించాడు.

"నాది ఇటు తిరిగేది" అంది అది, గాల్లో వేలితో గీసి చూపిస్తూ.