ముందు ట్రైనింగా, ముందు పనా? హైస్కూలు అయ్యాక ఏది మేలు?

మేధో వైకల్యం, ఆటిజం ఉన్న పిల్లలు హైస్కూలు చివరికి వచ్చేసరికి అమ్మానాన్నలు నన్ను అడిగేది ఇదే: "టీచర్‌గారూ, రెండు మూడేళ్లు ఏదైనా సెంటర్లో ట్రైనింగ్ ఇప్పించాక పనిలో పెట్టమంటారా, నేరుగా పనిలోనే పెట్టేయమంటారా?"

సెంటర్‌ని తక్కువ చేయను. అక్కడ టీచర్లకు ఓపిక ఉంటుంది, పిల్లలకు స్నేహితులు దొరుకుతారు. తప్పు చేస్తే కసిరేవాళ్లు ఉండరు, ఇంట్లోవాళ్లకు టెన్షన్ తగ్గుతుంది. చిక్కల్లా ఒక్కటే. ఈ పిల్లల్లో చాలామందికి ఒకచోట నేర్చుకున్నది ఇంకోచోట దానంతటది పనికిరాదు. సెంటర్లో కవర్లు చక్కగా మడిచే అబ్బాయే ఆఫీసులో కవరు సైజు మారినా, పక్కన ఫోను మోగినా, మధ్యలో ఎవరైనా ఇంకో పని చెప్పినా ఆగిపోతాడు. అతనికి పని రాక కాదు, ఆ గదిలో వచ్చిన పని ఈ గదిలో కొత్తగా కనిపిస్తుంది. దాంతో "ఇంకా రెడీ కాలేదు" అంటూ మళ్లీ సెంటర్‌కే పంపుతారు. అలా ఏళ్లు గడిచిపోవడం చూస్తే నాకు మనసు చివుక్కుమంటుంది.

రెండో దారిలో ముందు నిజమైన పనిచోటు చూస్తారు, నేర్పడం అక్కడే జరుగుతుంది. పక్కన జాబ్ కోచ్ ఉంటారు. మొదట్లో పనిని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి, బొమ్మల చార్టు పెట్టి, తనతో కలిసి చేస్తారు. తర్వాత రెండడుగులు వెనక్కి జరుగుతారు. ఆపైన అప్పుడప్పుడు వచ్చి చూసి వెళ్తారు. ఈ వెనక్కి జరగడమే అసలు పనితనం. కోచ్ అక్కడే ఉండిపోతే పిల్లవాడు సూపర్‌వైజర్ మాట వినడం నేర్చుకోడు, కోచ్ మొహం చూస్తూ నిలబడతాడు. పక్కన పనిచేసేవాళ్లకు అతనితో ఎలా మాట్లాడాలో చెప్పడమూ కోచ్ పనే.

అమెరికాలో ఈ పద్ధతి 1986లోనే చట్టంలోకి వచ్చింది. 1996లో సిన్సినాటి పిల్లల ఆసుపత్రిలో మొదలైన ప్రాజెక్ట్ సెర్చ్ అనే కార్యక్రమం ఇంకో మంచి పని చేసింది. హైస్కూలు చివరి ఏడాది విద్యార్థులు రోజూ ఆసుపత్రికే వచ్చి, ఒక విభాగం తర్వాత ఇంకో విభాగంలో పని నేర్చుకుంటారు. స్కూలు అండ ఉండగానే ఏ పని నప్పుతుందో, ఏది నప్పదో తేలుతుంది. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే.

ఈ దారిలోనూ దెబ్బలున్నాయి. శబ్దం భరించలేని అమ్మాయిని మిషన్ల మధ్య నిలబెడితే నెల తిరక్కుండా మానేస్తుంది, మళ్లీ పని పేరెత్తితే భయపడుతుంది. కోచ్ తొందరపడి తప్పుకున్నా అంతే. అందుకే రోజుకు రెండు గంటలతో మొదలుపెట్టి, రెండు మూడు చోట్ల చూడనివ్వాలి. మాటల్లో చెప్పలేని పిల్లలైతే పని చేస్తున్నప్పుడు వాళ్ల మొహం చూడండి, తెలిసిపోతుంది.

చూపు లేని పిల్లల విషయం వేరు. చేతికర్రతో ఒంటరిగా తిరగడం, బ్రెయిలీ, తెర మీద ఉన్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్ వాడటం వాళ్లకు ముందే గట్టిగా వచ్చి ఉండాలి. అక్కడ ట్రైనింగ్‌కే నా ఓటు.

మిగతా పిల్లలకు మాత్రం పనిచోటే మేలంటాను. బస్సెక్కడం, డబ్బు లెక్కపెట్టడం, "నాకు అర్థం కాలేదు, మళ్లీ చెప్పండి" అని అడగడం మాత్రం ఈ రెండు దారుల కోసం ఆగకూడదు. పద్నాలుగేళ్లకే ఇంట్లో మొదలుపెట్టండి.

దగ్గర్లో సెంటర్ తప్ప దారి లేదంటారా? చేర్పించే ముందు ఒక్క మాట అడగండి: "పోయిన ఏడాది ఇక్కడి నుంచి ఎంతమంది బయట జీతానికి చేరారు? వాళ్లలో ఇప్పటికీ పనిలో ఉన్నవాళ్లెందరు?" వాళ్ల దగ్గర ఆ లెక్క లేకపోతే, ఇంకో సెంటర్ చూడండి.