యార్క్ షాంబుల్స్‌లో వెండి కొనేవారికి ఒక హెచ్చరిక

ఇంగ్లండ్‌లో యార్క్ నగరంలోని షాంబుల్స్ వీధికి బంధువులను తీసుకువెళ్లే తెలుగువారు, అక్కడ వెండి వస్తువు కొనే ముందు దీన్ని చదవవలసిందిగా మనవి. ఒకప్పుడు కసాయి దుకాణాలతో నిండిన ఆ సందులో మాంసం వేలాడదీసిన కొక్కేలు ఇప్పటికీ కనిపిస్తాయి. సెలవురోజుల్లో ఆ ఇరుకులో జనం వెనుక నుంచి తోస్తూంటే వస్తువును తీరిగ్గా చూసుకునే వీలుండదు.

విజయవాడ నుంచి వచ్చిన మా అత్తగారు అక్కడి ఒక దుకాణంలో వెండి కడియం చూసి ముచ్చటపడ్డారు. ధర 120 పౌండ్లు. అందులో పన్ను 20 పౌండ్లు విమానాశ్రయంలో తిరిగి ఇస్తారని అమ్మకందారు నమ్మబలికాడు. ఇది శుద్ధ అబద్ధం. కొన్న సరుకును దుకాణమే నేరుగా విదేశానికి పంపితే తప్ప, పర్యాటకులకు వ్యాట్ తిరిగి ఇచ్చే పద్ధతి ఇంగ్లండ్‌లో 2021 జనవరి 1 నుంచి లేదు. "తూకం తేలిగ్గా ఉందేమిటమ్మా" అని అత్తగారు సందేహించినా, లోపల 925 (నూటికి 92.5 పాళ్లు వెండి అనే గుర్తు) అని ఉంది కదా అని తొందరపెట్టింది నేనే.

అత్తగారు ఊరికి వెళ్లాక అక్కడి కంసాలి ఆకురాయితో అంచును రెండుసార్లు రుద్దగానే వెండి పూత కింద పసుపుపచ్చని ఇత్తడి బయటపడింది.

బ్రిటన్‌లో 7.78 గ్రాములు మించిన వస్తువును వెండి అని చెప్పి అమ్మాలంటే దానిపై హాల్‌మార్క్ (స్వచ్ఛతను పరీక్షించి వేసే అధికారిక ముద్ర) ఉండి తీరాలి. 925 అంకె ఒక్కటే హాల్‌మార్క్ కాదు. దానితోపాటు తయారీదారు లేదా అమ్మకందారు గుర్తు, లోహపు స్వచ్ఛతను పరీక్షించిన అస్సే కార్యాలయపు గుర్తు (లండన్‌కు చిరుతపులి తల, బర్మింగ్‌హామ్‌కు లంగరు) ఉండాలి. ఈ గుర్తుల వివరాల పట్టికను దుకాణంలో కనిపించేలా పెట్టడం కూడా చట్టప్రకారం తప్పనిసరి. అక్కడ ఆ పట్టిక ఉన్నట్టు నాకు గుర్తు లేదు.

నేను మళ్లీ వెళ్లి అడిగితే, రసీదులో "గిఫ్ట్ ఐటమ్" అనే ఉందనీ, వెండి అని తామెప్పుడూ అనలేదనీ తెగేసి చెప్పారు. రసీదు మీద "స్టెర్లింగ్ సిల్వర్" (అంటే 925 వెండి) అని రాయించుకోకపోవడం నా పొరపాటు. లోపమున్న సరుకును 30 రోజుల్లోపు తిరిగి ఇచ్చి పూర్తి సొమ్ము అడిగే హక్కును 2015 నాటి వినియోగదారుల చట్టం ఇచ్చింది గాని, నాకు విషయం తెలిసేసరికి 34వ రోజు వచ్చింది. క్రెడిట్ కార్డుతో చెల్లించి ఉంటే, ధర 100 పౌండ్లు మించింది కాబట్టి కార్డు సంస్థనే నేరుగా బాధ్యులను చేయగలిగేదాన్ని. డెబిట్ కార్డు వాడినందువల్ల ఛార్జ్‌బ్యాక్ (చెల్లించిన సొమ్మును బ్యాంకు ద్వారా వెనక్కి రప్పించడం) కోరుతూ బ్యాంకుకు రాసి, కంసాలి పంపిన ఫొటోలు జతచేశాను. జవాబు ఇంకా రాలేదు.