11 నెలలు నిపుల్ షీల్డ్‌తో పాలిచ్చాక

మందుల దుకాణంలో నిపుల్ షీల్డ్ అని అడిగితే మా ఆయనకు మొదటిసారి పాలసీసా పీక ఇచ్చారు. రెండో దుకాణంలో గట్టి ప్లాస్టిక్ చిప్పలు రెండు ఇచ్చారు. అవి బ్రెస్ట్ షెల్స్, జాకెట్ లోపల పెట్టుకునేవి, పాలిచ్చేటప్పుడు తీసేయాలి. మూడో దుకాణంలో అసలు వస్తువు దొరికింది: పాలిచ్చేటప్పుడు చనుమొన మీద పెట్టుకునే పల్చటి సిలికాన్ టోపీ, కొసన చిన్న చిన్న చిల్లులు, పెట్టె మీద 24 మిల్లీమీటర్లు అని ఉంది. అది కూడా తప్పు సైజే అని తెలియడానికి ఇంకో నాలుగు రోజులు పట్టింది.

పాప పుట్టిన ఆరో రోజున మొదలుపెట్టి పదకొండో నెల నిండేదాకా వాడాను. "పది, పదిహేను రోజులు చాలమ్మా, తర్వాత తీసేయొచ్చు" అని ఆస్పత్రిలో సిస్టర్ చెప్పింది. పదిహేను రోజుల సరుకును పదకొండు నెలలు లాగినదాన్ని కాబట్టి దీని మంచీ చెడ్డా చెప్పే హక్కు నాకు కొంచెం ఎక్కువే ఉందనుకుంటాను.

పాప పుట్టినప్పుడు 2,800 గ్రాములు, ఐదో రోజుకు 2,540. పుట్టిన కొత్తలో పిల్లలు కాస్త తగ్గడం మామూలే గాని, తగ్గుదల పదో వంతుకు దగ్గరపడేసరికి డాక్టరమ్మ మాట్లాడే తీరు మారింది. నాకు పాలు పడక కాదు. మూడో రోజుకే రొమ్ములు రాళ్లలా బిగిసి, కొంగు తగిలినా ప్రాణం పోయినట్టుండేది. చనుమొనలు లోపలికి ముడుచుకుని ఉన్నాయి, పాప నోటికి పట్టు దొరకడం లేదు, అంతే. సిస్టర్ ఒక 10 మిల్లీలీటర్ల సిరంజి మూతి కోసేసి, లోపలి పుల్లను ఆ కోసిన వైపు నుంచి ఎక్కించి, నునుపైన అంచును రొమ్ముకు ఆనించి మెల్లగా లాగింది. మొన బయటికి వచ్చేది. పాప నోరు తెరిచేలోగా మళ్లీ లోపలికి వెళ్లిపోయేది. మూడు రోజులు ఇదే ఆట. మధ్యలో పిండిన పాలు ఉగ్గుగిన్నెతో పోశాం. చాలామందికి ఆ సిరంజితోనే సరిపోతుందట. నాకు సరిపోలేదు.

ఆరో రోజు సాయంత్రం షీల్డ్ పెట్టుకున్నాను. పాప రెండుసార్లు తల అటూ ఇటూ తిప్పి, అంగిలికి సిలికాన్ తగలగానే గభాలున పట్టుకుంది. నాలుగైదు చప్పరింపులు, ఒక గుటక. మళ్లీ నాలుగైదు, మళ్లీ గుటక. కాసేపటికి చప్పరింపుకొక గుటక వినపడింది. పది నిమిషాల తర్వాత తీసి చూస్తే టోపీ కొసలో అర చెంచా పాలు నిలిచి ఉన్నాయి. ఆ అర చెంచా పాలు చూసి ఏడ్చాను. పక్కనే ఉన్న అమ్మ "ఏడవకే పచ్చి బాలింతవు" అంటూ తనూ కళ్లు తుడుచుకుంది.

సైజు సంగతి ముందుగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. మా దగ్గర దొరికిన రకంలో 16, 20, 24 మిల్లీమీటర్లవి ఉన్నాయి. పెద్దది కొంటే పోలా అనుకోకండి. కొలవాల్సింది చనుమొన మొదలు వెడల్పు, చుట్టూ ఉన్న నల్లని వలయం కాదు. పాప నోరు కూడా చూసుకోవాలి. మొదటి పూట బాగానే తాగినా, తర్వాత 24తో పాప రెండు గుటకలకే వాంతి వచ్చినట్టు చేసేది. 20కి మారగానే ఆ గోల పోయింది. మరీ చిన్నదైతే మొన ఒరుసుకుపోయి, తీశాక తెల్లగా పాలిపోయి కనిపిస్తుంది. పెట్టుకుంటే నొప్పి పెడుతోందంటే ఓర్చుకోవడం కాదు, సైజు మార్చడమే మందు.

పెట్టుకోవడం మొదట్లో సర్కస్. అంచును టోపీ మడిచినట్టు సగం వెనక్కి తిప్పి, గోరువెచ్చని నీళ్లతో తడిపి, మధ్యకు ఆనించి అంచులు వదిలితే మొనను తనంతట తానే లోపలికి లాక్కుంటుంది. ఒకవైపు కోసినట్టు ఖాళీ ఉండే రకమైతే ఆ ఖాళీ పాప ముక్కు వైపు రావాలి, వాసన, చర్మం తగలాలి కదా. ఇవన్నీ పెట్టె మీద బొమ్మలేసి ఉంటాయి. పెట్టె మీద లేనిది ఒకటుంది: మన బాలింతలకు రోజూ ఒళ్లంతా నువ్వుల నూనె పట్టిస్తారు. నూనె చర్మం మీద సిలికాన్ నిలవదు. వారం రోజులపాటు జారిపోతుంటే వస్తువు నాసిరకమని తిట్టుకున్నాను. తడిగుడ్డతో ఒక్కసారి తుడిస్తే గుమ్మడికాయకు తొడిమలా అతుక్కుంది.

ఇక అందరూ భయపెట్టే విషయం, పాలు తగ్గిపోతాయని. ఉత్త పుకారు కాదది. పాప చప్పరింపు సరిగా అందకపోతే రొమ్ము ఖాళీ అవదు, ఖాళీ అవకపోతే పాలు తయారవడం తగ్గుతుంది. పాత రోజుల షీల్డ్‌లకు ఈ చెడ్డపేరు ఊరికే రాలేదు. సీసంతో, వెండితో, గాజుతో, మందపాటి రబ్బరుతో చేసేవారట. సీసం తొడుగుల వల్ల పసిపిల్లలకు విషం ఎక్కిన దాఖలాలు కూడా ఉన్నాయి. ఇప్పటి పల్చటి సిలికాన్ వేరు. నేను చూపించుకున్న లాక్టేషన్ కన్సల్టెంట్, అంటే పాలివ్వడంలో తల్లులకు సాయపడే నిపుణురాలు, 2000లో వచ్చిన ఒక పరిశోధన గురించి చెప్పింది. నెలలు నిండకుండా పుట్టిన 34 మంది పిల్లలు షీల్డ్ లేకుండా ఒక పూట సగటున 3.9 మిల్లీలీటర్లు తాగితే, షీల్డ్‌తో 18.4 తాగారట. మా పాప నెలలు నిండి పుట్టింది కాబట్టి ఆ లెక్క నాకు నేరుగా వర్తించదు. కాకపోతే ఇది పాలకు అడ్డుగోడే అన్న మాట అప్పటి నుంచి నమ్మలేదు.

నమ్మింది మాత్రం తూకాన్ని. పది గ్రాముల తేడా చూపే బరువు యంత్రం అద్దెకు తెచ్చుకుని, మొదటి నెలంతా రోజుకు ఒక పూట పాలకు ముందు, తర్వాత అవే బట్టలతో తూచేదాన్ని. తేడా 40 గ్రాములు, 60, ఒక్కోసారి 20. ఆ 20 వచ్చిన రోజు ఇంట్లో ఎవరూ నాతో మాట్లాడేవారు కాదు. పదహారో రోజుకు 2,830, అంటే పుట్టిన బరువు దాటింది. ఆరు వారాల టీకాలప్పుడు 3.6 కిలోలు, పద్నాలుగు వారాలకు 5.1. రోజుకు ఆరు, ఏడు లంగోటాలు బాగా తడిసేవి. మొదటి ఆరు వారాలు పగటిపూట రెండుసార్లు పంపుతో పిండేదాన్ని కూడా, పాలు తగ్గకుండా. షీల్డ్ వాడుతూ ఈ లెక్కలు చూడకపోవడం చెక్‌బుక్ వాడుతూ ఖాతా చూసుకోకపోవడం లాంటిది. బరువు పెరగకపోతే ఎన్ని గుటకలు వినిపించినా లాభం లేదు, వెంటనే చూపించుకోవాలి. నాలుక కింద పొర బిగువుగా ఉందేమో కూడా చూడమని అడగాలి.

రాజమండ్రి పుట్టింట్లో ఉన్నన్నాళ్లు ఒక తీరు, హైదరాబాద్ వచ్చాక ఇంకో తీరు. అక్కడ అమ్మ తెలగపిండి కూర, వెల్లుల్లి కారం పెడుతూ, "పాలు తెలగపిండితో వస్తాయి గాని ఆ తొడుగుతో రావు" అంటూనే ఆ తొడుగును నాకంటే శుభ్రంగా కడిగేది. ముందు చన్నీళ్లు, తర్వాత సబ్బు వేసిన వేడినీళ్లు. ముందే వేడినీళ్లు పోస్తే పాలు అతుక్కుపోతాయి, పాలగిన్నె కడిగే ప్రతి ఆడదానికీ తెలిసిన విద్యే. రోజుకొకసారి ఐదు నిమిషాలు మరిగించేవాళ్లం. హైదరాబాద్‌లో మా అపార్ట్‌మెంట్ బోరు నీళ్లకు నెల తిరక్కుండానే షీల్డ్‌లు తెల్లగా మసకబారిపోయాయి. చూసి పాపకు నోటిపూత అంటుకుందేమోనని హడలిపోయాను. ఆ తెలుపు బోరు నీటి సున్నం. నిమ్మరసం పిండిన నీళ్లలో నానబెడితే పోయింది. ఆ తర్వాత మరిగించడానికి తాగే నీళ్లే వాడాం.

రాత్రి రెండు గంటలకు చీకట్లో పారదర్శకమైన వస్తువును వెతకడం ఎలా ఉంటుందో అనుభవిస్తేగాని తెలియదు. ఒక చేతిలో పాప, అరుస్తోంది. ఇంకో చెయ్యి పరుపు మీద తడుముతోంది. జాకెట్‌లోంచి పాలు కారుతున్నాయి. లైటు వేస్తే పాప పూర్తిగా లేచిపోతుంది. ఒకసారి పావుగంట వెతికాక అది మా ఆయన వీపుకు అతుక్కుని దొరికింది, ఆయన హాయిగా నిద్రపోతున్నారు. అప్పటి నుంచి ఎర్ర మూత స్టీలు డబ్బా ఒకటి తలగడ పక్కన, ఒకటి చేతిసంచిలో. గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో పై బెర్తు ఎక్కి, ఫ్లాస్కులో వేడినీళ్లు, గిన్నె, రెండు షీల్డ్‌లు సర్దుకుని పాలిచ్చిన రాత్రులు నాలుగున్నాయి. కింది బెర్తు పెద్దావిడ "ఏమి మందమ్మా అది?" అని అడిగితే అవునండీ మందే అన్నాను. పెళ్లిళ్లలో మాత్రం వేరే గదిలోకి వెళ్లిపోయేదాన్ని. కొంగు చాటున సర్దుకోవడానికి రెండు చేతులూ కావాలి, రెండో చెయ్యి ఎప్పుడూ పాప దగ్గరే ఉంటుంది.

పదకొండు నెలల్లో ఆరు కొన్నాను. ఒకటి రైల్లో పోయింది, ఒకటి ఎలా పోయిందో ఇప్పటికీ తెలియదు. ఒకటి పొయ్యి మీద పెట్టి మరిచిపోతే నీళ్లు ఇగిరి గిన్నె అడుగున అంటుకుంది, ఆ కంపు రెండు రోజులు పోలేదు. ఒకదాన్ని ఎనిమిదో నెలలో పాప కింది పళ్లతో కొరికింది. ఆ చీలిక మొదట కంటికి ఆనలేదు, అంచు లాగి చూస్తే నోరు తెరుచుకుంది. ముక్క ఊడితే నేరుగా పాప గొంతులోకే. పళ్లు వచ్చాక ప్రతి పూటా లాగి చూడండి, ఇందులో బద్ధకం వద్దు.

షీల్డ్ మాన్పించే ప్రయత్నాలు రెండు. నెలన్నరకు ఒకసారి, మూడో నెలలో ఒకసారి. పాలు చేపుకొచ్చి మొన కాస్త పొడుచుకున్నాక మధ్యలో గుట్టుగా తీసేయమన్నారు. తీసిన మరుక్షణం పాప నావైపు చూసిన చూపు వడ్డీవ్యాపారి చూపు. మూడో నెలలో పంతం పట్టి రెండు రోజులు షీల్డ్ దాచేశాను. పాప సరిగా తాగలేదు, కుడి రొమ్ములో పాలు గడ్డకట్టి జ్వరం వచ్చింది. నా పంతానికి పాప పస్తుండటం ఎందుకని మళ్లీ డబ్బా తెరిచాను. కొసను కొంచెం కొంచెం కత్తిరిస్తూ పొమ్మని ఒక బంధువు సలహా ఇచ్చింది. అది రబ్బరు కాలం నాటి చిట్కా. సిలికాన్‌ను కత్తిరిస్తే అంచు పదునుగా తేలుతుంది, చేయవద్దు.

నిజానికి నేను మాన్పించలేదు. పదకొండో నెల చివర ఒక తెల్లవారుజామున పాప సగం నిద్రలో షీల్డ్‌ను పీకి, పక్కకు విసిరి, నేరుగా పట్టుకుంది. ఊపిరి బిగబట్టి కదలకుండా పడుకున్నాను. ఆ ఆనందం రెండు రోజులే. పదకొండు నెలల బాలింతనైనా నా చర్మానికి అది మొదటి రోజే, మూడో రోజుకు పగుళ్లు. పిండిన పాల చుక్క రాసి ఆరబెట్టుకుంటూ వారం గడిపాను. తర్వాత పాపకు రెండేళ్లు నిండేదాకా పాలిచ్చినా షీల్డ్ అవసరం రాలేదు.

ఆరింటిలో మిగిలిన రెండూ స్టీలు డబ్బాలో ఉన్నాయి. మొన్న మా పిన్ని కూతురు పురిటికి వచ్చి "అక్కా, నీవి ఉన్నాయిగా, ఇవ్వకూడదా?" అని అడిగింది. వాడినవి ఇవ్వనన్నాను. స్కేలు తీసుకుని ముందు కొలుచుకో, తర్వాత కొత్తవి కొందాం, బరువు యంత్రం అద్దె మాత్రం నాది అన్నాను.