గార్డులను పెంచాలా, డ్యూటీ గంటలు తగ్గించాలా?

2024 ఆగస్టు 9న కోల్‌కతా ఆర్జీ కర్ ఆసుపత్రిలో, సుదీర్ఘ డ్యూటీ మధ్య సెమినార్ హాల్లో కాసేపు విశ్రాంతికి వెళ్లిన పీజీ డాక్టర్ హత్యకు గురైంది. ఆ తర్వాత అందరూ ముందుగా అడిగింది భద్రత: సీసీ కెమెరాలు, గార్డులు, కఠినమైన చట్టం. అవి కావాల్సిందే. కానీ వైద్యులపై దాడులకు శిక్ష వేసే చట్టం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లోనే వచ్చింది. క్యాజువాలిటీలో గొడవలు ఆగలేదు. చట్టం కదిలేది దెబ్బ పడ్డాకే.

రెండో దారి డ్యూటీ గంటలు. రెసిడెంట్ల (ఆసుపత్రిలో పనిచేస్తూ శిక్షణ పొందే డాక్టర్ల) నిరంతర డ్యూటీ మామూలుగా రోజుకు 12 గంటలు మించకూడదని కేంద్రం 1992లోనే చెప్పింది. వార్డుల్లో 24, 36 గంటలు ఇప్పటికీ కొత్తేమీ కాదు. రాత్రంతా కన్ను మూయని డాక్టర్, రోగి పరిస్థితి బంధువులకు ఓపికగా ఎలా చెప్పగలదు? చాలా గొడవలు రాజుకునేది అక్కడే.

దీనికి పోస్టులు నింపాలి, ఖర్చు ఎక్కువ. అయినా ఒకటే ఎంచుకోమంటే నేను దీన్నే ఎంచుకుంటాను. పైగా ఇందులో సగం ఈ రోజే మొదలుపెట్టొచ్చు: కోపంతో ఊగిపోతున్న బంధువుల ముందుకు జూనియర్‌ని ఒంటరిగా పంపకుండా హెచ్‌ఓడీ (విభాగాధిపతి) తానే వచ్చి నిలబడి, “నువ్వెళ్లి ఏదైనా తినమ్మా, నేను మాట్లాడతాను” అనడానికి ఏ జీవో రావాలి?