జన్ ఔషధి ఎస్సిటాలోప్రామ్: ఎనిమిది నెలలు వాడాక

డిప్రెషన్, ఆందోళనలకి ఇచ్చే ఎస్సిటాలోప్రామ్‌ని రెండేళ్లు పేరున్న కంపెనీది వేసుకుని, డాక్టర్ గారిని అడిగి జన్ ఔషధిలో (ప్రభుత్వ పథకం కింద చవగ్గా మందులమ్మే షాపు) దొరికే 10 ఎంజీ మాత్రకి మారాను. నెల బిల్లు పాతదాంట్లో ఐదో వంతు కూడా కాలేదు. కౌంటర్ దగ్గర "అంతేనా?" అని రెండుసార్లు అడిగాను, అనుమానం కూడా అక్కడే మొదలైంది, ఇంత చవగ్గా వచ్చేది అసలు పనిచేస్తుందా అని.

రెండో వారంలో తల తిరగడం, కళ్లు పక్కకి తిప్పితే తలలో చిన్న షాక్ కొట్టినట్టు జివ్వుమనడం, ఊరికే చిరాకు. ఇంకేముంది, జనరిక్ (కనిపెట్టిన కంపెనీ కాక వేరేవాళ్లు చేసే అదే మందు) కదా అనుకున్నా. అమ్మైతే "నాలుగు డబ్బులకి కక్కుర్తిపడి ఆరోగ్యం పాడుచేసుకుంటావా" అని అందుకుంది. ఫోన్ చేస్తే డాక్టర్ గారు అడిగింది ఒక్కటే, ఎన్ని మాత్రలు మిగిలాయని. 30 కొన్నాను, 12 రోజులైంది, 18 ఉండాలి. లెక్కపెడితే 21 ఉన్నాయి! పెళ్లికి ఊరెళ్తూ డబ్బా ఇంట్లో మర్చిపోయాను, వచ్చాక మామూలుగా వేసేసుకున్నాను కాబట్టి ఆ మూడు రోజులు గుర్తే లేవు. ఈ మందు రక్తంలో సగానికి తగ్గడానికి 30 గంటలు చాలు, మూడు రోజులు మానేసరికి బాగా తగ్గిపోయి ఆ తల తిరగడం, జివ్వుమనడం వచ్చాయన్నమాట. తిరిగి రోజూ వేసుకుంటే వారంలో సర్దుకుంది. అప్పట్నుంచి నాకు పాతదానికీ దీనికీ తేడా తెలియలేదు.

అసలు మనం బ్రాండ్ అని కొనేది కూడా చాలావరకు జనరిక్కే. ఎస్సిటాలోప్రామ్ తెచ్చింది డెన్మార్క్‌లోని లండ్‌బెక్, మన షాపుల్లో ఎక్కువగా అమ్ముడయ్యేవి మన కంపెనీలు సొంత పేర్లు పెట్టుకుని చేసినవి.

అలాగని తేడా చెప్పేవాళ్లందరిదీ భ్రమ అనను. అమెరికాలో టెవా కంపెనీ అమ్మిన బ్యుడెప్రియాన్ ఎక్స్ఎల్ 300 (వెల్‌బ్యుట్రిన్ ఎక్స్ఎల్ అనే డిప్రెషన్ మందుకి జనరిక్) పనిచేయట్లేదని జనం ఏళ్ల తరబడి మొత్తుకున్నారు. దానికి 2006లో అనుమతి ఇచ్చింది 150 ఎంజీ మాత్ర మీద చేసిన పరీక్ష చూసి, 300ని విడిగా పరీక్షించలేదు. చివరికి 2012లో అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ తనే పరీక్ష పెట్టి, ఇది వెల్‌బ్యుట్రిన్ ఎక్స్ఎల్‌కి సమానం కాదని తేల్చింది, మార్కెట్ నుంచి తీసేశారు. కాకపోతే అది మందు నెమ్మదిగా వదిలే మాత్ర, తయారీలో కిటుకంతా ఆ వదలడంలోనే ఉంటుంది. నాది అలాంటిది కాదు, మామూలు మాత్ర.

నాకు నిజంగా దెబ్బ తగిలింది బ్రాండ్ మాత్రతోనే. మా వీధి మెడికల్ షాపులో ఒకసారి "ఆ కంపెనీది లేదు సార్, ఇదీ అదే" అని వేరేది చేతిలో పెట్టాడు. పేరు చివర ప్లస్ అని ఉంది, బలం ఎక్కువేమో అనుకున్నా. మర్నాడు ఆదివారం, మధ్యాహ్నం రెండింటిదాకా లేవలేదు. స్ట్రిప్ తిప్పి చూస్తే ఎస్సిటాలోప్రామ్ పక్కనే చీమ తలకాయంత అక్షరాల్లో క్లోనాజెపామ్ (మత్తు, నిద్ర తెప్పించే మందు) 0.5 ఎంజీ. ఇప్పుడు ఎక్కడ కొన్నా డబ్బులిచ్చే ముందు అక్కడే నిలబడి వెనకవైపు చదువుతున్నాను, వెనక లైన్లో వాళ్లు విసుక్కున్నా సరే.