బడ్జీకి గిన్నె నీళ్లా, గొట్టం నీళ్లా?

బెజవాడ ఎండల్లో బడ్జీని, అంటే పంజరంలో పెంచే చిన్న చిలుకను, పెంచేవాళ్లు ముందు తేల్చుకోవాల్సింది నీళ్ల సంగతే. పిట్ట బరువే 30, 40 గ్రాములు. ఈ ఎండల్లో ఒక్కరోజు నీళ్లు అందకపోయినా ప్రాణం మీదికి రావచ్చు.

గిన్నె దానికి అలవాటైన వస్తువు. వంగి ముక్కు ముంచుతుంది, మే నెలలో అందులోనే రెక్కలు తడుపుకుంటుంది. చిక్కల్లా శుభ్రతతోనే. పొద్దున పోసిన నీళ్లలో మధ్యాహ్నానికి కొర్రల పొట్టు తేలుతుంది, పైన కర్ర ఉంటే రెట్ట కూడా పడుతుంది. రోజుకు రెండుసార్లయినా మార్చాలి.

పంజరానికి తగిలించే గొట్టంలో ఆ బాధ తక్కువ. కింద చిన్న తొట్టి, తాగినకొద్దీ పైనుంచి నీళ్లు దిగుతాయి. కానీ బడ్జీకి కొత్త వస్తువంటే బెదురు. దాహమేస్తే అదే తాగుతుందిలే అని పాత గిన్నె తీసేయడం చాలా ప్రమాదం. రెండూ ఉంచండి. గొట్టాన్ని అది రోజూ కూర్చునే కర్ర పక్కన, ముక్కుకు అందే ఎత్తులో బిగించి, తొట్టి దగ్గర కొత్తిమీర రెమ్మ కట్టండి. ఆకు కొరుకుతూ నీళ్లను కనిపెడుతుంది. మట్టం తగ్గిందని తాగినట్టు కాదు, కారి ఉండొచ్చు, ఆవిరై ఉండొచ్చు. తొట్టిలో ముక్కు పెట్టి తాగడం పలుమార్లు కళ్లారా చూశాకే గిన్నె తీయాలి.

పగలంతా ఇంట్లో ఎవరూ ఉండరంటే నా ఓటు గొట్టానికే. సాయంత్రం స్నానానికి మాత్రం గిన్నె పెట్టండి. గొట్టం లోపల పాచి పట్టకుండా సన్నని బ్రష్‌తో రోజూ కడగాలి.