చిరుత మనిషి నుంచి ఎర్ర పట్టు దాకా: నళిని సింగ్ నవలలతో పదిహేనేళ్లు

2010లో ఒక ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల గుట్టలు కెలుకుతుంటే దొరికింది 'స్లేవ్ టు సెన్సేషన్'. అరవై చెప్పాడు, నలభైకి ఇచ్చాడు. అట్ట మీది బొమ్మ ఇంట్లో టీపాయ్ మీద పెట్టే రకం కాదు. అందుకని బడి పుస్తకాలకు వేసినట్టు పాత పేపరుతో అట్ట వేశాను. చూసుకోలేదు గానీ ముందువైపుకు వారఫలాలు వచ్చాయి. మర్నాడు నైట్ షిఫ్ట్ క్యాబ్‌లో పక్కన కూర్చున్న అమ్మాయి కాసేపు ఆ అట్ట వైపే చూసి, "అక్కా, తులారాశికి ఈ వారం ఎట్లుంది?" అంది. లోపల ఒక చిరుతపులి మనిషి కూర్చుని రియల్ ఎస్టేట్ బేరం చేస్తున్నాడని ఆ పిల్లకు ఏం చెప్పను?

నిజంగానే రియల్ ఎస్టేట్. నళిని సింగ్ రాసిన పెద్ద సిరీస్ 'సై-చేంజ్‌లింగ్' మొదలయ్యేదే దాంతో. శాన్‌ఫ్రాన్సిస్కోలో కట్టబోయే ఇళ్లు, చేతులు కలిపిన రెండు పక్షాలు, ఒకరిమీద ఒకరికి లేని నమ్మకం. రోజూ మాదాపూర్ మీదుగా పోయేవాళ్లకు ఇంతకన్నా తెలిసిన వ్యవహారం ఏముంటుంది? ఒక పక్షాన లూకస్ హంటర్, 'చేంజ్‌లింగ్', అంటే మనిషిగానూ జంతువుగానూ మారగలిగే జాతి. చిరుతల గుంపుకు పెద్ద. ఇంకో పక్షాన సాషా డంకన్, 'సై' జాతి మనిషి. సైలు మనసుతోనే పనులు చేస్తారు. ఎదుటివాళ్ల తలలో మాట వినేవాళ్లు కొందరు, ముట్టుకోకుండా వస్తువు కదిలించేవాళ్లు కొందరు, జరగబోయేది చూసేవాళ్లు ఇంకొందరు. ఈ శక్తుల వెంటే పిచ్చి, హత్యలు పెరుగుతున్నాయని పదేళ్లు తర్జనభర్జన పడి, 1979లో ఒక నిర్ణయానికి వస్తారు. పుట్టిన ప్రతి బిడ్డనూ కోపం, ప్రేమ, భయం ఏవీ లేకుండా తయారుచేయాలి. దాని పేరు సైలెన్స్. కథ జరిగేది ఇంకో వందేళ్లకు, 2079లో. సాషాకు మాత్రం లోపల అన్నీ తెలుస్తూనే ఉన్నాయి. ఆ సంగతి బయటపడితే 'సెంటర్' అనే చోటికి పంపించి మెదడు తుడిచేస్తారు. అందుకే లూకస్ ఎదురుగా రాయిలా కూర్చుని కాంట్రాక్టు షరతులు మాట్లాడుతుంటుంది.

నేనప్పుడు అమెరికా ఆసుపత్రుల బిల్లుల కోసం రాత్రంతా ఇన్సూరెన్స్ కంపెనీలకు ఫోన్లు చేసే ఉద్యోగంలో ఉన్నాను. గొంతులో విసుగు వినబడితే క్వాలిటీ వాళ్లు మార్కులు కోసేవాళ్లు. మా నాన్న ఐసీయూలో ఉన్న వారంలో కూడా నా గొంతు అదే గొంతు, అవే మూడు వాక్యాలు. ఆ నెల నాకు నూటికి తొంభై ఎనిమిది వచ్చాయి. సాషా ముఖం నాకు అక్కడే తెలిసిపోయింది. పులిమనిషి సంగతి ఆ తర్వాత.

పారానార్మల్ రొమాన్స్ అంటే కోరల మగాడు, కళ్లు తిరిగే ఆడపిల్ల అనుకుని పక్కన పెట్టేవాళ్లకు ఇది చెప్పాలి. మొదటి పుస్తకంలో నన్ను పట్టేసింది ముద్దు సీను కాదు, ఒక బూటు. సాషా మొదటిసారి చిరుతల ఇంటికి వెళ్తుంది. పుట్టాక ఎవరూ ఆమెను ఊరికే ముట్టుకున్న పాపాన పోలేదు. అక్కడ ఒక పిల్ల చిరుత వచ్చి ఆమె బూటు కొరకడం మొదలుపెడుతుంది. దాన్ని ఏం చేయాలో ఆమెకు తెలీదు. తొయ్యాలా, తిట్టాలా, నవ్వాలా? నవ్వితే ప్రాణం మీదికొస్తుంది. ఆ చిన్న తికమకలో మొత్తం సైలెన్స్ అంతా అర్థమైపోతుంది.

మా అమ్మకు ఇంగ్లిష్ నవల చదివే ఓపిక లేదు, కథ మాత్రం కావాలి. ఎనభైల్లో వారపత్రికల్లో చేతబడి సీరియళ్లు చదివి, రాత్రి పెరట్లోకి వెళ్లడానికి తోడు అడిగిన తరం ఆవిడది. మల్కాజ్‌గిరిలో మా ఇంటి వరండాలో గోంగూర ఒలుస్తూ వినేది.

"పులి మనిషి అవుతాడా, మనిషి పులి అవుతాడా?"

"రెండూనమ్మా. పుట్టుకే అంత."

"కామరూపులంటే వాళ్లే కదే. అందులో కొత్తేముంది?"

చేంజ్‌లింగ్‌కు ఇంతకన్నా మంచి తెలుగు మాట నాకు ఇప్పటిదాకా దొరకలేదు. రెండో సిరీస్ 'గిల్డ్ హంటర్'కు వచ్చేసరికి, హీరోకు రెక్కలున్నాయంటే గంధర్వుడా అని అడిగింది. గంధర్వుడైతే పాట పాడేవాడమ్మా, ఇతను తలలు తీస్తాడు అన్నాను.

నళిని సింగ్ పుట్టింది ఫిజీలో, పెరిగింది న్యూజిలాండ్‌లో, మూలాలు ఇండియావి. లాయరు, లైబ్రేరియన్, మిఠాయిల ఫ్యాక్టరీలో కూలిపని, బ్యాంకులో టెంపరరీ ఉద్యోగం, ఇంగ్లిష్ పాఠాలు చెప్పడం, అన్నీ చేసింది. మొదటి నవల 2003లో వచ్చింది. అది మామూలు రొమాన్స్. పేరు తెచ్చింది మాత్రం 2006లో మొదలైన ఈ సై కథలే.

సస్పెన్స్ కావాలనుకునేవాళ్లు ఈ సిరీస్‌లో రెండోదాన్ని వదలొద్దు. 'విజన్స్ ఆఫ్ హీట్'లో ఫెయిత్ అనే అమ్మాయి భవిష్యత్తు చూస్తుంది. ఇంట్లోవాళ్లు ఆమెను ఒక కాంపౌండ్‌లో విడిగా పెట్టి, మార్కెట్లు ఎటు పోతాయో చెప్పించుకుని కోట్లు గడిస్తుంటారు. అలాంటి మనిషికి ఉన్నట్టుండి వ్యాపారం కాకుండా హత్య కనబడటం మొదలవుతుంది. ఆ హత్య సొంత చెల్లెలిదని తర్వాత తెలుస్తుంది. బంగారు గుడ్లు పెట్టే బాతును ఎంత ముద్దుగా బోనులో పెడతారో, చూసినకొద్దీ వెన్ను జలదరిస్తుంది. హీరో అడివి మనిషి, అతనూ బాగానే ఉంటాడు. నాకు మాత్రం గుర్తుండిపోయింది ఫెయిత్ కుర్చీ. అందులో కూర్చునే ఆమె దర్శనాలు చెప్పాలి.

మొదటి అంకం 2006 నుంచి 2016 దాకా పదిహేను నవలలు. వరుసగా చదవాలా అని మా వదిన అడిగింది. "చదవాలి వదినా, మధ్యలో దూరితే పెళ్లింట్లో తెలియని చుట్టాల మధ్య కూర్చున్నట్టుంటుంది" అన్నాను. నా మాట వినకుండా, అందరూ పొగుడుతున్నారని పన్నెండోదైన 'హార్ట్ ఆఫ్ అబ్సిడియన్' (2013) ముందు చదివింది. రెండు రోజుల తర్వాత పుస్తకం వెనక్కి తెచ్చి, "ఈ కాలెబ్ ఎవరమ్మా, మంచోడా చెడ్డోడా, నాకు ఒక్క ముక్క తెలిస్తే ఒట్టు" అంది. కాలెబ్ అంతకుముందు చాలా పుస్తకాల్లో విలన్లా తిరుగుతుంటాడు. సై పాలకమండలిలోకి ఎక్కుతాడు, ఎవరి వైపో తెలియనివ్వడు. ఏడేళ్లుగా ఒక్క అమ్మాయి కోసం లోకమంతా వెతుకుతున్నాడని ఆ పన్నెండో పుస్తకంలో తెలుస్తుంది. ఆ దెబ్బ తగలాలంటే ముందు పదకొండూ అయిపోయి ఉండాలి. తర్వాత వదిన మొదటి నుంచి మొదలుపెట్టింది. తెలుగు మీడియం చదువు, మొదట్లో ఫోన్‌లో డిక్షనరీ తెరిచి పెట్టుకునేది. నాలుగో నవల నుంచి ఆ అవసరం రాలేదు. ఈమె ఇంగ్లిష్ అంత తేలిక.

ఇక తిట్లు. పాలకమండలిలో ఏడుగురు, వాళ్ల కింద ఇంకొందరు, ఎవరు ఎవరికి వెన్నుపోటు పొడుస్తున్నారో గుర్తుపెట్టుకోలేక లాంగ్ నోట్‌బుక్‌లో చివరి పేజీల్లో వంశవృక్షం గీసుకున్నాను. పడకగది పేజీలు ప్రతి పుస్తకంలో ఇంచుమించు ఒకే కొలత, ఐదో నవల నుంచి నేను వాటిని చకచకా తిప్పేస్తాను. ఆ మగాళ్లకు 'నువ్వు నాదానివి' అనడం ఒక జబ్బు. ఇరవై ఎనిమిదేళ్లప్పుడు ఆ మాటకు గుండె ఝల్లుమంది, ఒప్పుకుంటాను. ఇప్పుడు మళ్లీ చదివితే కొన్నిచోట్ల షీ టీమ్స్‌కు ఫోన్ చేయవే తల్లీ అనిపిస్తుంది. అయితే ఆడవాళ్లు ఊరుకోరు, ఎదురు తిరుగుతారు, పుస్తకం చివరికి మగాడే ఎక్కువ మారి ఉంటాడు. 2016 నాటి 'అలీజియన్స్ ఆఫ్ ఆనర్' మాత్రం నాకు నీరసమే. పాత జంటలన్నీ ఒకచోట చేరతాయి, అందరికీ తలా రెండు పేజీలు. పెళ్లి రిసెప్షన్‌లో స్టేజీ మీదికి ఎక్కి ఫొటో దిగి దిగిపోయినట్టు. మరుసటి ఏడాది నుంచి కొత్త అంకం మొదలవుతుందని తెలుసు కాబట్టి ఓర్చుకున్నాను. ఆ కొత్త అంకంలో మొదటిది 'సిల్వర్ సైలెన్స్' (2017). మాస్కోలో ఒక ఎలుగుబంటి మనిషి, ఒక కఠినమైన సై అమ్మాయి అపార్ట్‌మెంట్‌కు మెట్లు వదిలేసి గోడ పట్టుకుని పాకుతాడు. లాక్‌డౌన్‌లో దాన్ని మూడుసార్లు చదివాను.

పాత పుస్తకాలు కొనేవాళ్లకు ఒక మాట. ఈమెవి వరుసగా దొరకవు. మూడు, ఏడు, పదకొండు దొరుకుతాయి, నాలుగు దొరకదు. ఒకసారి కోఠిలో ఒక కొట్లో పదో పుస్తకం దొరికిందని ఎగిరి గంతేసి తెచ్చుకున్నా. తీరా క్లైమాక్స్ దగ్గర ముప్పై పేజీలు లేవు, ఎవరో కుట్లు ఊడదీసి తీసేశారు. పట్టుకెళ్లి అడిగితే "చూసి తీస్కోవాలె మేడమ్" అన్నాడు. ఆ ముప్పై పేజీలు కిండిల్ కొన్నాకే చదవగలిగాను.

'గిల్డ్ హంటర్' గురించి తొందరగా చెప్పేస్తాను, ఎందుకంటే ఇది నాకు రెండో ఇష్టం. 2009లో 'ఏంజెల్స్ బ్లడ్'తో మొదలు. న్యూయార్క్‌ను రాఫెల్ అనే ఆర్కేంజెల్, అంటే పెద్ద దేవదూత, ఏలుతుంటాడు. ఇక్కడి దేవదూతల్లో దైవత్వం ఏమీ లేదు, జమీందారీ మొత్తం ఉంది. వాళ్ల ఒంట్లో ఒక విషం పేరుకుంటుంది, దాన్ని మనుషుల్లోకి ఎక్కించి వదిలించుకుంటారు. అలా ఎక్కించుకున్నవాడే వాంపైర్. బదులుగా వందేళ్ల వెట్టి చేయాలి. తప్పించుకున్న వాంపైర్లను పట్టి తెచ్చే ఎలెనాను రాఫెల్ పిలిచి, ఈసారి పిచ్చెక్కిన ఇంకో ఆర్కేంజెల్‌ను వేటాడమంటాడు. రక్తం ఎక్కువ, రాత్రి పడుకునే ముందు వద్దు.

నేను అసలు ఈ సమీక్ష రాయడానికి కూర్చుంది మాత్రం ఆమె సస్పెన్స్ నవలల కోసం. ఇన్నేళ్లు చదివినదాంట్లో ఎంత ఉద్రిక్తత ఉన్నా నాకు ఒక ధైర్యం ఉండేది. చివరికి ఇద్దరూ కలుస్తారు. ఎవరు చచ్చినా వీళ్లు చావరు. ఆఫీసులో లేఆఫ్‌ల పుకార్లు తిరిగినప్పుడు, నాన్న పోయినప్పుడు నేను ఆ పుస్తకాల దగ్గరికే పోయాను. ఆ గ్యారంటీ కోసమే పోయానని 2019లో 'ఎ మ్యాడ్‌నెస్ ఆఫ్ సన్‌షైన్' చదివాక తెలిసింది. న్యూజిలాండ్ పడమటి తీరంలో ఒక చిన్న ఊరు. భర్త పోయాక లండన్ నుంచి పుట్టింటి ఊరికి తిరిగొచ్చిన అనహెరా. ఆ ఊళ్లో అందరికీ ముద్దైన ఒక అమ్మాయి పరుగుకని వెళ్లి తిరిగి రాదు. అనహెరాకూ, ఆ ఊరి పోలీసుకూ మధ్య ఏదో చిగురిస్తుంది, కానీ అది గోడ పక్కన మొలిచిన మొక్కంత. సగం నవల అయ్యేదాకా కథ నత్తనడకే. అయినా ఆ రాత్రి లేచి వంటింటి తలుపు గడియ మళ్లీ చూసొచ్చాను. పులుల నవలలు ఎన్ని చదివినా ఆ పని చేయలేదు.

తర్వాత 2021లో 'క్వైట్ ఇన్ హర్ బోన్స్'. ఆక్లాండ్ పక్కన అడవిని ఆనుకున్న డబ్బున్నవాళ్ల వీధి. నీనా రాయ్ అనే ఇల్లాలు పదేళ్ల కిందట ఒక వానరాత్రి మాయమైంది, ఆమెతో పాటు రెండున్నర లక్షల డాలర్లూ పోయాయి. దొంగ అన్నారు, లేచిపోయింది అన్నారు. పదేళ్ల తర్వాత ఇంటికి కూతవేటు దూరంలో, చెట్లలో దిగబడిపోయిన ఆమె కారు దొరుకుతుంది. లోపల ఎముకలు, ఎర్ర పట్టు. కథ చెప్పేది కొడుకు ఆరవ్. యాక్సిడెంట్‌లో కాలు విరిగి ఇంటికొచ్చిన రచయిత, జ్ఞాపకం సరిగా లేదు. ఆ రాత్రి ఒక కేక విన్నాడు, అంతవరకే నిజం. అతన్ని నమ్మాలో వద్దో చివరిదాకా తేలదు. ప్రేమకథ దాదాపు లేనట్టే, కాబట్టి రొమాన్స్ కోసం వెళ్తే నిరాశే. నాకు మాత్రం ఈమె రాసినవాటిలో ఇదే అన్నిటికన్నా దగ్గర. దీనికి ముందు నేను చదివిన ఈమె నవలల్లో లేని మన ఇల్లు ఇందులో ఉంది. వంటమనిషి ముందు ఒకలా, చుట్టాల ముందు ఒకలా ఉండే తండ్రి. వీధిలో అందరికీ తెలిసీ ఎవరూ ఎత్తని విషయాలు. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటింగుల్లో ఇలాంటి మౌనం నేను చాలా చూశాను.

2023లో వచ్చిన 'దేర్ షుడ్ హావ్ బీన్ ఎయిట్' మంచు కొండల్లో పాత బంగళా, ఒకచోట చేరిన పాత స్నేహితుల కథ. ఒక్కసారి చదవొచ్చు.

నీనా కథ అమ్మకు చెప్పినప్పుడు ఆవిడకు డెబ్బై రెండు. ఇప్పుడు గోంగూర ఒలవడం లేదు, వేళ్ల నొప్పులు. నేను ఒలుస్తూ చెప్పాను, ఆవిడ కుర్చీలో కూర్చుని వింది. కారు, ఎముకలు, ఎర్ర పట్టు దాకా వచ్చాక ఆపింది.

"పదేళ్లు ఎవరూ వెతకలేదా?"

"లేచిపోయిందనుకున్నారమ్మా. డబ్బు కూడా పోయింది కదా."

"డబ్బు సరేనే. నగలు?"

"ఏంటి?"

"నగలు పట్టుకెళ్లిందా, ఇంట్లోనే వదిలేసిందా? ఎప్పటికీ రానని వెళ్లే ఆడది నగలు వదిలి వెళ్తుందా? ఆ ఒక్కటి చూస్తే చాలదూ?"

నాకు గుర్తురాలేదు. గోంగూర కాడలు పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, కిండిల్ తెచ్చి మొదటి పేజీ నుంచి మళ్లీ మొదలుపెట్టాను.